మైకమ్మ తోక

కదలకు అంది, మాట్లాడకు అంది, అన్నిటికన్నా ముఖ్యంగా నవ్వకు అంది, నవ్వావంటే అచ్చు బీటలు వారుతుంది పిన్నీ, నీ కాళ్ళకి దండం పెడతాను అంది, అంటూ అంటూనే మోగుతున్న ఫోను చెవికి తగిలించుకుని పక్కగదిలోకి పోయి తలుపు వేసుకుంది పిన్నీసు. ఇక్కడేమో ఎత్తు బల్ల మీద, తల కింద రెండు దిళ్ళతో, ఏ ఎముకా విరక్కుండానే తొడల దగ్గర్నుంచి కాలివేళ్ళ దాకా పైపైన పరిచిన తడి పిండికట్టుతో వెల్లకిలా మైకమ్మ. నవ్వకు అని చెప్పడమంత నవ్వొచ్చే సంగతి ఇంకోటుంటుందా అసలు? నవ్వుకీ కాళ్ళకీ ఏం సంబంధం అనుకుంది గానీ, ఈ వయసులో నవ్వు నోట్లో బయలుదేరి పొట్ట మీదుగా మోకాళ్ళ దాకా వెళితే గానీ ఆగదు, మధ్యలో స్టాపుల్లేవు, అచ్చంగా నాన్‌స్టాపు. అందుకని సీలింగు చూస్తూ దిగులు సంగతులు గుర్తు తెచ్చుకుందామనుకుంది. ఆయన గురక? అది దిగులు కాదు, సంగీతమే, కాకపోతే శ్రుతి లేదు. మోకాళ్ళ నొప్పులు? ఆ మోకాళ్ళే ఇప్పుడు ఒళ్ళంతా వ్యాజిలీను పూసుకుని, తెల్లటి పట్టీల కింద ముసుగుతన్ని, ఎవరో సేవ చేస్తున్నారని హాయిగా పడుకున్నాయి. ఏడో తరగతి తర్వాత మళ్ళీ నిక్కరు తొడగడం? అది దిగులే, నిజమే, కానీ దాన్ని తలుచుకుంటే మొదటికే మోసం, నవ్వొచ్చేస్తోంది.

మైకమ్మ అసలు పేరు మైకమ్మ కాదు, ఆ మాటకొస్తే పిన్నీసు పేరూ పిన్నీసు కాదు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే ఉద్యోగం ఆవిడది. డ్రైవర్లు పెట్టిన పేరు అది, ఆ గొంతు వింటే మైకం కమ్ముతుందని కొందరు, కరెంటు పోయినా మైకమ్మ పోదని ఇంకొందరు. పిన్నీసేమో అక్క కూతురు. చిన్నప్పుడు పిన్నీ పిన్నీ అంటూ పట్టుకుని వేలాడేది, గుచ్చుకుంటే వదిలేది కాదు, వదిలిందంటే గుచ్చుకునేది, అందుకని మైకమ్మే ఆ పేరు పెట్టింది. ఇప్పుడు జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, బూట్ల నిండా పిండి మరకలతో, బొమ్మలు చేసే మనిషైంది. బొమ్మలంటే షోకేసులో పెట్టుకునేవి కావు, గది మొత్తం ఒక బొమ్మ, మనం లోపలికి వెళ్ళి తిరగాలి, దాన్ని ఇన్‌స్టలేషన్ అంటారట. ఆయనకి చెబితే, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దం తుడుస్తూ, ఇన్‌స్టాల్మెంటా, కాళ్ళు వాయిదాల మీద ఇస్తున్నావా, ముందు ఎడమదా కుడిదా అన్నాడు. మత్స్యకన్య బొమ్మకండీ అంటే, ఇద్దరు పిల్లల తల్లివి, కోడలొచ్చింది, నువ్వు కన్యవేంటే, మత్స్యత్తవి అన్నాడు. నేను మత్స్యత్తనైతే మీరు మత్స్యమామ, మూతి ఎలాగూ సరిపోయింది అని తను అంది. అలా అన్నప్పుడు గొంతు మామూలుగానే వచ్చింది కదా? వచ్చింది, కానీ దుకాణం గుమ్మం దాటలేదు. ఈ మధ్య ఏది మాట్లాడినా గుమ్మం దాటడం లేదు. ఏమే, ఇంట్లో సౌండు తగ్గింది, బ్యాటరీలు మార్చాలా అంటాడాయన, నవ్వుతూనే, కానీ కళ్ళజోడు సర్దుకుంటూ తనని కాస్త ఎక్కువసేపు చూస్తాడు.

గోడ వారగా కాళ్ళు నిలబడి ఉన్నాయి. తెల్లగా, జతలు జతలుగా, మోకాళ్ళ పైన మనుషులు లేకుండా, రావాల్సిన బస్సు ఎంతకీ రాకపోతే ప్రయాణికులు ఎలా ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారతారో అలా ఒక్కో జతా ఒక్కో పక్కకి ఒరిగి. పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలినవి నర్సువి. మడమలు దూరంగా పెట్టుకుని దబాయిస్తున్నట్టు నిలబడ్డవి ట్రాఫిక్ పోలీసావిడవి. వేళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నవి బట్టల దుకాణంలో అమ్మే పిల్లవి, అక్కడ అమ్మేవాళ్ళకి కుర్చీ వెయ్యరు, ఎక్కడానికి మాత్రం స్టూలుంటుంది. మైకమ్మ చాలాసేపు ఆ వేళ్ళనే చూసింది. ఇన్నాళ్ళూ మత్స్యకన్యని గీసినవాళ్ళంతా మగవాళ్ళే పిన్నీ, అని చెప్పింది పిన్నీసు, వ్యాజిలీను డబ్బా మూత తీస్తూ, పైసగం వాళ్ళ కళ్ళకి కావలసినట్టు పెట్టుకున్నారు, కింది సగం ఆవిడ కాళ్ళకి పనికిరాకుండా చేశారు, తోక పెట్టింది ఈదడానికని చెబుతారు గానీ, లేచి నడిచి వెళ్ళిపోకుండా. అందుకే నా హాల్లో తోకన్న మాటే ఉండదు, అన్నీ కాళ్ళే, నిలబడి పనిచేసిన కాళ్ళు. ఒక్కో కాల్లో చిన్న స్పీకరు పెడతాను, మోకాలి దగ్గర చెవి పెడితే ఆవిడ గొంతు వినబడుతుంది. బాగానే ఉంది, మరి నన్నెందుకే, నేను ఉద్యోగమంతా కూర్చునే చేశాను కదా అంది మైకమ్మ. అందుకే పిన్నీ, నిన్ను నడుము కింద ఎవరు చూశారు?

నిజమే, ఎవరు చూశారు? గాజు గది. మూడు వైపులా అద్దం, ముందు బల్ల, బల్ల మీద మైకు, అద్దానికి గుండ్రటి కన్నం, ఆ కన్నంలోంచి మూతులు, ఎన్ని వేల మూతులు, మేడమ్ బస్సెప్పుడు, అమ్మా బస్సెక్కడ, ఏమండీ బస్ససలుందా. జనం బుడగలు వదిలినట్టు నోళ్ళు తెరిచి మూస్తుంటే చేపలు వాళ్ళో తనో తెలిసేది కాదు, గాజుకి ఆ గుణం ఉంది, ఎవరు లోపలున్నారో ఇద్దరికీ అనుమానమే. వేసవి సెలవుల్లో ఒకసారి అక్క తన కూతుర్ని తీసుకొచ్చింది. ఆ బుడ్డది కన్నంలో ముక్కు పెట్టి, పిన్నీ, నీకు కాళ్ళున్నాయా అని అడిగింది. క్యూలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. తను మైకు ఆపడం మరిచిపోయి, ఉన్నాయే తల్లీ, ఇంట్లో పెట్టొచ్చాను అంది, అది బస్టాండంతా మోగింది, డ్రైవర్లు హారన్లు కొట్టారు. బస్టాండు నవ్వడం ఆ రోజే చూసింది. ఆ ప్రశ్న ఆ బుడ్డదానిలో ఇన్నాళ్ళూ నిలవుండి, పులిసి, పొంగి, ఇదిగో ఈ గది నిండా కాళ్ళయింది. ఒక ప్రశ్నకి ఇంత ఆయుష్షుంటుందా? ఏ జవాబైనా ఇన్నేళ్ళు బతికిందా?

గొంతు మాత్రం ఇవ్వనని చెప్పేసింది. పిన్నీసు బతిమాలింది, అందరిలోకీ నీ గొంతే కదా పిన్నీ కావలసింది, నీదొక్కటీ మూగకాలైతే ఎలా. కాళ్ళు పట్టుకో, కాదనను, గొంతు పట్టుకోకు అంది మైకమ్మ, ఆ పిల్ల నవ్వి ఊరుకుంది గానీ ముఖం వాడింది, మూలనున్న చిన్న మైకు మీద గుడ్డ కప్పేసింది. అయినా అక్కడే ఉంది, గుడ్డ కింద దాని మెడ తెలుస్తూనే ఉంది. మైకమ్మ అటు చూడకూడదనుకుని ఇటు చూసింది. ఇటు కుర్చీ. కుర్చీ మీద నాలుగు మడతలు పెట్టిన నీలం ప్లాస్టిక్ కాగితం.

ఆ కాగితం ఇక్కడెందుకుంది?

రెండు కాళ్ళ మధ్యా పలచటి తెర పెట్టాలి పిన్నీ, తెరకి అటు పట్టీలు అటే, ఇటు పట్టీలు ఇటే, లేకపోతే పిండీ పిండీ కలిసిపోయి ఒకే ముద్దైపోతుంది, అని కదా చెప్పింది. చెప్పి, ఆ కాగితం మడత విప్పబోతుండగా తనే, ఇంత పూశావు, వేయిస్తావా ఏమిటే నన్ను అంది. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులోనే ఫోను ఒకసారి మోగింది, ఎగ్జిబిషన్ హాలు వాళ్ళు, రెండు ముక్కలు మాట్లాడి వచ్చి, ఎక్కడున్నాం అని, గబగబా పట్టీలు తడిపి వేసేసింది. తెర లేకుండానే నాటకం మొదలైంది. మైకమ్మ గడ్డం గుండెకి ఆనించి కిందికి చూసింది. తన నడుము అవతల తెల్లగా ఒకటే గుట్ట. అటు మోకాలూ ఇటు మోకాలూ ఒక్క దుప్పట్లో దూరిన అక్కచెల్లెళ్ళలా. దూరంగా పాదాలు మడమల దగ్గర కలిసి, వేళ్ళ దగ్గర విడిపోయి, చెరో పక్కకీ వాలి ఉన్నాయి.

పిలవాలి. ఇప్పుడు పిలిస్తే, ఇంకా తడిగా ఉంది, కత్తెరతో మధ్యలో చీల్చి సర్దుకోవచ్చు. పిన్నీసూ అంది. ఆ పిలుపు బల్ల చివర దాకా వెళ్ళి అక్కడే కూలబడింది. తలుపవతల ఆ పిల్ల పెద్దగా మాట్లాడుతోంది, లేదండీ, తోక కాన్సెప్టే లేదండీ, అదే కదండీ పాయింటు, అంటోంది. ఇంకాస్త గట్టిగా పిలవాలి. ఆ గట్టి గొంతు తనకుంది, మూడు గోడలు దాటి గ్యారేజీలో కునుకు తీసే మెకానిక్కుని లేపిన గొంతు, ఎక్కడుందో తెలుసు, పక్కటెముకల కింద, బొడ్డుకి జానెడు పైన, అక్కడ గాలి పట్టి, వీపు నిటారుగా పెట్టి... పట్టింది. పట్టిన గాలి పట్టినట్టే మెల్లగా ముక్కులోంచి పోయింది. ఆ గొంతు తీస్తే అది తనది కాదేమో అనిపిస్తుంది, ఎవరిదో సామాను పొరపాటున దించుకుంటున్నట్టు.

వేడి మొదలైంది. పిండి బిగిసేటప్పుడు వేడెక్కుతుంది, భయపడకు అని చెప్పే ఉంది. వేడి రెండుగా రావాలి కదా, ఒకటిగా వచ్చింది. మోకాళ్ళ నడుమ పుట్టి, అటూ ఇటూ అని చూడకుండా, గోరువెచ్చని నీళ్ళలో దిగినట్టు కిందికి పాకింది. ఎడమ బొటనవేలు కదుపుదామనుకుంటే కుడిది సమాధానం చెప్పింది. ఎడమకాలూ కుడికాలూ ఇలా ఒక్క మాట మీద నిలబడటం, పడుకోవడం అనాలేమో, పుట్టాక ఇదే మొదలు. పిలవాలా వద్దా అని మీనమేషాలు లెక్కపెడుతూ ఉంటే మేషం ఎటో పోయింది, మీనమే మిగిలింది. అయితే చేపకిలా ఉంటుందన్నమాట. చేపకి మోకాళ్ళ నొప్పులుండవు, పిక్కలు పట్టెయ్యవు, చెప్పు తెగదు. కానీ దురద పెడితే ఎలా గోక్కుంటుంది? ఇప్పుడు తనకి కుడి మడమ పక్కన దురద, సరిగ్గా అక్కడే. రాయికేసి రుద్దుకుంటుందేమో, మరి మత్స్యకన్య ఎప్పుడూ రాతి మీదే ఎందుకు కూర్చుంటుంది? అందం కోసమనుకున్నారు చూసినవాళ్ళు. దురదేమో! ఎవరైనా అడిగారా? దగ్గరికి వెళ్ళి, ఏమ్మా, ఏం చేస్తున్నావిక్కడ అని ఒక్కడైనా అడిగాడా? దూరంగా పడవలో నుంచి చూసి, దువ్వుకుంటోందన్నారు, పాడుతోందన్నారు, పాడి పడవల్ని రాళ్ళకేసి కొట్టిస్తోందన్నారు. పడవ గుద్దుకుంటే తెడ్డు పట్టుకున్నవాడి తప్పు కాకుండా ఎప్పుడో పోయిందన్నమాట. బస్సు ఆలస్యమైతే అనౌన్సరుని తిట్టినట్టే.

అదొక మెత్తటి గది, గోడలకి పరుపులు కొట్టినట్టు, మాట బయటికి పోని గది, అక్కడికి తీసుకెళ్ళారు బస్టాండులో బస్సుల్ని పిలిచే కొత్త యంత్రం పెట్టే ముందు. మీ గొంతే కావాలి మేడమ్, ఇంకెవరిదీ పనికిరాదు అన్నాడు రికార్డు చేసే అబ్బాయి. ఎంత పొంగిపోయింది! ఇంటికెళ్ళి చెబితే ఆయన దుకాణానికి పొద్దున సెలవు పెట్టి తోడొచ్చాడు, బయట బెంచీ మీద కూర్చుని గాజు కిటికీలోంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. మాటలు ముక్కలు ముక్కలుగా చెప్పించుకున్నారు. అంకెలు, ఊళ్ళు, దయచేసి, గమనించండి, సిద్ధంగా ఉన్నది, ఆలస్యంగా, చింతిస్తున్నాము. చింతిస్తున్నామని ఆవిడ ఎంత బాగా అందంటే ఆ అబ్బాయే, పర్లేదు మేడమ్ అన్నాడు. గాజుపూసల దండ తెంపి డబ్బాలో పోసినట్టు పోసుకున్నారు, ఇక ఎవరికి ఏ దండ కావాలంటే ఆ దండ యంత్రం గుచ్చుకుంటుంది. ఉద్యోగం నుంచి పంపేటప్పుడు శాలువా కప్పి, మీరు వెళుతున్నారు గానీ మీ గొంతు ఎప్పటికీ మాతోనే ఉంటుంది అన్నాడు పెద్దాఫీసరు. పొగడ్తనే అనుకుంది, అందరితో పాటు తనూ చప్పట్లు కొట్టింది. ఒకరోజు అక్కని బస్సెక్కించడానికి వెళితే, నాలుగో ప్లాట్‌ఫారం అని తన గొంతే చెప్పింది, అందరితో కలిసి తనూ పరిగెత్తింది. తన మాట తనే విని పరిగెత్తిన మనిషి లోకంలో ఇంకెవరైనా ఉంటారా? ఆ రోజు తనకి జలుబు. పైనున్న గొంతుకి లేదు. దానికి ఎప్పుడూ ఉండదు. మాట జారితే నోరు పారేసుకున్నారంటారు, తను ఒక్క మాటా జారకుండానే పారేసుకుంది, పైగా రసీదు బదులు శాలువా.

ఆ మెత్తటి గదిలోనే కదా, రికార్డు చేస్తూ ఆ అబ్బాయి ఆపాడు. మధ్యలో. ఏ ఊరి దగ్గర? ఆ సముద్రం ఒడ్డు ఊరు. మేడమ్, అన్ని ఊళ్ళూ బాగా చెప్పారు, ఈ ఒక్క ఊరి పేరే ప్రశ్నలా పలుకుతున్నారు, చివర పైకి లేస్తోంది. మళ్ళీ చెప్పింది, మళ్ళీ లేచింది. ఇది ఊరండీ, సందేహం కాదు అని నవ్వాడు. తనూ నవ్వింది. చదును చేసి, ఇస్త్రీ చేసి, చివరికి ఎలాగో తిన్నగా చెప్పింది, ఓకే అన్నాడు. ఆ ఓకేతోనే ఏదో పోయింది, ఏం పోయిందో ఇప్పుడు తెలుస్తోంది, ఇలా కట్టు కింద వెచ్చగా పడుకుంటే. ఆ ఊరి పేరు చివర ఇన్నేళ్ళూ లేచింది ఊరు కాదు. చెప్పులు చేతిలో పట్టుకున్న ఆవిడ.

వాన పడుతున్న మధ్యాహ్నం, అద్దం కన్నంలో ఒక చక్కటి క్రాపు, మడిచిన గొడుగు, మర్యాదైన గొంతు. మా ఇంటావిడ తప్పిపోయిందండీ, మైకులో పిలవండి. పేరు రెండుసార్లు చెప్పాడు, నిదానంగా, సామాను మీద రాయించుకునే వాడిలా. ఒక్కతీ ఎక్కడికీ వెళ్ళలేదండీ, దానికి దారులు తెలియవు అన్నాడు. చేతులు బల్లంచు మీద పెట్టుకున్నాడు, వేళ్ళు తెల్లబడేలా నొక్కిపెట్టి. అతని భుజం మీదుగా, రెండో ప్లాట్‌ఫారం మీద, ఇంజను ఆన్ చేసున్న బస్సు కిటికీలో ఒకావిడ. ఒళ్ళో సంచీ లేదు, ఏమీ లేదు, చేతిలో చెప్పుల జత మాత్రం ఉంది, చప్పుడు కాకూడదని ఇంట్లోంచి అలాగే పట్టుకుని నడిచొచ్చినట్టు. ఒక చేత్తో చెప్పులు పట్టుకుని, రెండో చేతి వేలు పెదాల మీద పెట్టింది, చెప్పొద్దని. బతిమాలినట్టు కాదు. నిద్రపోయే బిడ్డ గదిలోకి ఎవరైనా వస్తే తల్లి పెడుతుందే, అలా. తను మైకు నొక్కింది. ఫలానా గారూ, మీవారు మీకోసం పద్నాలుగో ప్లాట్‌ఫారం వద్ద ఎదురు చూస్తున్నారు, అని రెండుసార్లు, ఎంతో మర్యాదగా, తర్వాత మైకు ఆపి అతనితో, పద్నాలుగు దగ్గర ఉండండి సార్, ఆవిడ అక్కడికే వస్తారు అంది. పద్నాలుగంటే గ్యారేజీ వెనకాల, బస్సు పాడైతే పెట్టేచోటు. అతను గొడుగు విప్పి అటు పరిగెత్తాడు. బస్సు ఇటు కదిలింది. కిటికీలో ఆవిడ వంగింది, ఎందుకో ముందు అర్థం కాలేదు. చెప్పులు వేసుకుంటోంది.

ఎక్కడ దిగింది? సముద్రం దాకా వెళ్ళే బస్సది, దారిపొడవునా ఊళ్ళే, ఎక్కడైనా దిగొచ్చు. ఏ ఊళ్ళో దిగిందో, ఎవరింటి తలుపు కొట్టిందో, ఏం పనిచేస్తోందో, రోజూ ఆ బస్సు పిలిచినప్పుడల్లా అడిగింది తను, ఎవరికీ తెలియకుండా, ఊరి పేరు చివర చిన్నగా లేపి. ఎవరికీ చెప్పలేదు, ఆయనకీ చెప్పలేదు. యంత్రం ఇప్పుడు ఆ ఊరి పేరు చదునుగా చెబుతోంది, దానికేం పట్టింది? పద్నాలుగని అదెప్పటికీ చెప్పలేదు, దాని డబ్బాలో పద్నాలుగుంది గానీ అబద్ధం లేదు. మరి రాతి మీది ఆవిడో? పాట విని పడవవాళ్ళు దారి తప్పారని చెప్పిందెవరు, పడవవాళ్ళే. ఆ పడవ ఎక్కడికి పోతోంది, ఎవరి వెనక పడి పోతోంది, అదెవరైనా అడిగారా? ముందు ఇంకో చిన్న పడవ ఉండి ఉంటుంది. అందులో ఎవరో ఒకావిడ, చప్పుడు కాకుండా తెడ్డు వేస్తూ. రాతి మీదావిడ చూసి ఉంటుంది. చూసి, గొంతెత్తి, ఎంతో మర్యాదగా, అయ్యా, ఇటు రండి, పద్నాలుగో ప్లాట్‌ఫారం...

నవ్వొచ్చింది. ఆపింది. పెదాలు బిగబట్టింది, ముక్కులోంచి రాబోతే ముక్కు బిగబట్టింది.

తలుపు తెరుచుకుంది. "అయిపోయింది పిన్నీ, ఒప్పుకున్నారు, మధ్య హాలే ఇస్తామన్నారు, నీ కాళ్ళు సరిగ్గా నడిమధ్యలో..." అంటూ వచ్చిన పిన్నీసు ఆగిపోయింది. కట్టు మీద చెయ్యి వేసింది. వేళ్ళతో తట్టింది, టకటకమంది. కుర్చీ వైపు చూసింది, కట్టు వైపు చూసింది, మళ్ళీ కుర్చీ వైపు చూసింది.

"ప్లాస్టిక్ పెట్టలేదా నేను?"

"ఊహూ."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి పిలవొచ్చు కదా పిన్నీ!"

"పిలిచాను. నాకే వినబడలేదు."

పిన్నీసు నేల మీద కూలబడింది. బూట్ల మరకలు గీరుకుంటూ, తోకే ఉండదని ఇప్పుడే ఫోన్లో వాగాను, వాళ్ళు రాసుకున్నారు కూడా, పిండి పట్టీలన్నీ అయిపోయాయి, అనుకుంటూ ఉంటే ఆ గొంతు చిన్నప్పటి గొంతైపోయింది, ఏడుపుకి ఒక మెట్టు ఇవతల నిలబడ్డది. మైకమ్మ కుర్చీ మీది నీలం కాగితం వైపు చూసింది. తన జోకు వల్ల పోయింది తెర, తన గొంతు గుమ్మం దాటక బిగిసింది కట్టు. పిన్నీసు లేచి పెద్ద కత్తెర తెచ్చింది, మోకాళ్ళ మధ్య నుంచి కోసేస్తాను, విరిగితే విరుగుతుంది, ఊపిరి బిగబట్టు అంది. చల్లటి ఇనుము చర్మానికి తగిలింది.

"ఏమే, మత్స్యకన్యకి సిజేరియనా?"

అనకుండా ఉండాల్సింది. పిన్నీసుకి ఏడుపులోంచే నవ్వొచ్చింది, అది చూసి మైకమ్మకి ఇందాకటి నుంచి దాచిపెట్టిన నవ్వంతా ఒక్కసారి బయలుదేరింది, పొట్ట మీదుగా, తొడల మీదుగా, నాన్‌స్టాపుగా మోకాళ్ళ దాకా. కట్టు కింద ఎక్కడో గాలి దూరిన చప్పుడైంది, బురదలోంచి కాలు తీసినట్టు. పిన్నీసు కత్తెర పడేసి, "ఆగకు పిన్నీ, నవ్వు, ఇంకా నవ్వు" అని రెండు చేతులూ అంచుల కింద పెట్టి ఎత్తింది. నవ్వితే పోతుందన్నది నవ్వితేనే ఊడొచ్చింది. ఒక్క ముక్కగా, బీట లేకుండా.

పక్కనే బల్ల మీద పెట్టారు దాన్ని. బయటినుంచి చూస్తే తోక, సందేహం లేదు, తొడల దగ్గర వెడల్పు, కిందికి సన్నం, చివర చెరో పక్కకీ విచ్చుకున్న రెక్కలు. పిన్నీసు నిట్టూర్చి దాన్ని తిరగేసింది, పారేసే ముందు ఒకసారి చూద్దామన్నట్టు. తిరగేసి, దాని మీదికి వంగింది. లోపల రెండు కాళ్ళున్నాయి. విడివిడిగా, రెండు పల్లాలుగా, ఎడమ మోకాలి మీద చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంటూ పడ్డ మచ్చతో సహా, కుడి మడమ పక్క ముడతతో సహా. ఇద్దరూ తలలు ఆనించి లోపలికి చూశారు, నూతిలోకి చూసే పిల్లల్లా.

"ఇన్నాళ్ళూ ఎవరూ తిరగెయ్యలేదు పిన్నీ," అంది పిన్నీసు, మెల్లగా.

మైకమ్మ బల్ల అంచున కూర్చుని కాళ్ళు వేలాడేసింది. గాలి తగిలి చల్లగా ఉంది, దురద పెట్టిన చోట గోక్కుంది, ఎంత సుఖం. దిగింది. నేల మీద వ్యాజిలీను అడుగులు వేసుకుంటూ, నిక్కరుతోనే, నర్సు కాళ్ళ పక్కనుంచి, ట్రాఫిక్ పోలీసావిడ కాళ్ళ పక్కనుంచి, మూలకి వెళ్ళి గుడ్డ తీసింది.

"దీనికి స్విచ్చెక్కడే?"

పిన్నీసు వచ్చి నొక్కింది. ఎర్రటి చుక్క వెలిగింది. మైకమ్మ కుర్చీ వద్దంది, ఎప్పుడూ కూర్చునే కదా చెప్పింది. వీపు నిటారుగా పెట్టి, బొడ్డుకి జానెడు పైన గాలి పట్టింది. ఆ గాలి ఈసారి ముక్కులోంచి పోలేదు.

"ప్రయాణికులు దయచేసి గమనించండి. వాన పడుతున్న మధ్యాహ్నం చెప్పులు చేత పట్టుకుని రెండో ప్లాట్‌ఫారం మీద బస్సెక్కిన అమ్మగారు ఎక్కడ ఉన్నా దయచేసి వినండి. మీవారు పద్నాలుగో ప్లాట్‌ఫారం వద్దే ఉన్నారు, కంగారు లేదు. మా విన్నపం ఒక్కటే, తెలుసుకోవాలని అడుగుతున్నాం, ఇన్నేళ్ళ నుంచీ అడుగుతున్నాం. అమ్మా, మీరు ఎక్కడ దిగారు?"

ఆ చివరి మాట పైకి లేచింది. ఎవరూ ఆపలేదు. తలుపు దాటింది, పక్కగది దాటింది, కింద వీధిలో ఎవరో స్కూటరు ఆపి పైకి చూశారు.